గుటక నడుస్తోంది

మా నాన్న ముద్ద నోట్లో పెట్టుకునే ముందు నేను గోడవైపు చూస్తాను. అక్కడ మేకుకి ఒక పాత సెల్‌ఫోన్ కట్టి ఉంటుంది. దాని తెరమీద 'గుటక నడుస్తోంది' అని ఆకుపచ్చ అక్షరాలు కనిపిస్తే తల ఊపుతాను. అప్పుడాయన తింటాడు. పధ్నాలుగు నెలలుగా మా ఇంట్లో మూడు పూటలా ఇదే తంతు. దేవుడికి దణ్ణం పెట్టుకోవడం మరిచిపోయిన రోజులున్నాయి గాని, ఆ తెర చూడటం మరిచిపోయిన పూట లేదు.

నా పేరు ఝాన్సీ. ధైర్యం వస్తుందని ఆశపడి పెట్టారేమో, రాలేదు. నాకు పిల్లి ఎదురొచ్చినా గుండె జారుతుంది. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది. నాన్న పేరు నాంచారయ్య. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఎనిమిదేళ్ళు లేత్ తిప్పాడు. కింద షెడ్డు, పైన ఇల్లు. ఇప్పుడు షెడ్డు పనివాళ్ళు నడుపుతున్నారు. అమ్మ తిరుపతమ్మ ఆ పనివాళ్ళందరినీ నడుపుతుంది.

రెండున్నరేళ్ళ క్రితం నాన్నకి పక్షవాతం వచ్చింది. చెయ్యి తిరిగొచ్చింది. మాట కాస్త ముద్దగానైనా తిరిగొచ్చింది. మింగడం మాత్రం రాలేదు. మింగడమంటే అన్నాన్ని కిందికి తోయడమేనని నేనూ అనుకునేదాన్ని. అది సగమే. ముద్ద దాటే ఆ ఒక్క క్షణం ఊపిరిదారికి మూత పడాలి, అది రెండో సగం. మూత సరిగ్గా పడక ఒక మెతుకు అటు వెళ్తే దగ్గొచ్చి బయటికి తన్నేస్తుంది. దాన్నే మనం పొలమారడం అంటాం. ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిమీద తట్టి నవ్వుకుంటాం. నాన్నకి మూత పడటమూ పోయింది, దగ్గూ పోయింది. గుక్కెడు నీళ్ళు తాగినా ఊపిరితిత్తుల్లోకి పోయేవి, అదీ చప్పుడు లేకుండా. పదకొండు నెలలు ముక్కులో గొట్టంతో బతికాడు.

ఆ రోజుల్లోనే విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీ గుటక అనే యంత్రం కనిపెట్టిందని తెలిసి తీసుకెళ్ళాం. మెడలో చింతగింజంత చిప్పు పెడతారు. దానికి సొంత తెలివేమీ లేదు. గొంతులో కదలిక ఏదైనా వస్తే కంప్యూటర్లో నడిచే ప్రోగ్రాముకి చెబుతుంది. మూత వెయ్యి, తియ్యి, దగ్గించు అని ప్రోగ్రాము తిరిగి చెబితే నరాన్ని ఆ ప్రకారం మీటుతుంది. దాన్ని తయారుచేసిన డాక్టర్ ఎస్తేరు రాణి గారు మొదటిరోజు నాన్నకి చెంచాడు మందునీళ్ళు ఇచ్చి ఎక్స్‌రే తెరముందు కూర్చోబెట్టారు. నల్లటి గీతలా ఆ నీళ్ళు గొంతులోకి జారడం, చిన్న రెప్పలాంటిది టక్కున మూసుకోవడం, గీత వెనకదారిన కిందికి పోవడం నేను కళ్ళారా చూశాను. ముందు నాన్నే మాట్లాడాడు.

“టీ ఉందామ్మా?” అని అడిగాడు.

డాక్టరమ్మ ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను. ఆ టీ తాగడానికి ఆయనకి అరగంట పట్టింది.

పన్నెండుమందికి ఆ చిప్పు పెట్టాక కంపెనీ మూతపడింది. ప్రోగ్రాము నడిచేది వాళ్ళ భవనంలోని సర్వర్లలో. నెలరోజుల్లో కరెంటు తీసేస్తామని కాగితం వచ్చింది. మళ్ళీ గొట్టం పెట్టాలన్నమాట. నాన్న ఆ కాగితం మడిచి దిండు కింద పెట్టుకుని, గొట్టం పెడితే తానే పీకేసుకుంటానని మెల్లగా చెప్పాడు. ఆయన అన్నంత పనీ చేసే మనిషి. ఆ వారంలోనే ఎస్తేరు రాణి గారు ప్రోగ్రామంతా ఒక డిస్కులో పెట్టి, ఎవరికీ చెప్పకుండా నా చేతికిచ్చారు.

“మొదలుపెట్టడం తేలికే ఝాన్సీ గారూ. ఆపేటప్పుడే జాగ్రత్త. మూత పడి ఉండగా ఆపారంటే చిప్పు దాన్ని అలాగే పట్టుకుని ఉంటుంది, మళ్ళీ ఎవరో ఒకరు తియ్యమనేదాకా” అన్నారు.

సర్వర్‌కని ఒక పెట్టె కొన్నాను. హాల్లో టీవీ బల్ల కింద పెట్టి, ఇన్వర్టర్‌కి తగిలించాను. ప్రోగ్రాము తెర వెనక తనపాటికి తాను నడుస్తూ ఉంటుంది. దాన్ని లేపడానికి, ఆపడానికి, ఎలా ఉందో అడగడానికి నేను మూడు స్క్రిప్టులు రాసుకున్నాను. స్క్రిప్టంటే మరేం లేదు, కంప్యూటర్‌కి రాసిపెట్టిన చేంతాడంత పనుల జాబితా. ఒకసారి రాస్తే అక్షరం పొల్లుపోకుండా చేస్తుంది. నేను తప్పు రాస్తే ఆ తప్పునీ అంతే బుద్ధిగా చేస్తుంది.

మొదటి నెలలోనే డాక్టరమ్మ చెప్పింది జరిగింది. ఏదో మార్పు చేద్దామని ప్రోగ్రాము ఆపాను. అవతల నాన్న టీ తాగుతున్నాడని చూసుకోలేదు. మూత పడి ఉంది. ప్రోగ్రాము మళ్ళీ లేవడానికి నలభై సెకన్లు పడుతుంది, నాన్న గొంతు లెక్కలన్నీ చదువుకోవాలి గనుక. ఆ నలభై సెకన్లూ ఆయన కుర్చీ చేతులు పట్టుకుని, నోరు తెరిచి, ఊపిరి లేకుండా నన్నే చూశాడు. తర్వాత తేరుకున్నాడు. కానీ ఆ పూటనుంచి నేను కీబోర్డు ముందు కూర్చుంటే ఆయన గ్లాసు కింద పెట్టేసేవాడు. కన్నకూతుర్ని చూసి భయపడేవాడు. నాకది చావులాగే అనిపించింది.

అందుకని ఆపే స్క్రిప్టు మార్చాను. అది ఇప్పుడు వెంటనే ఆపదు. 'గుటక పూర్తయిందా' అని ప్రోగ్రాముని అడిగి, జవాబు కోసం తొంభై సెకన్లదాకా మర్యాదగా ఎదురుచూస్తుంది.

తర్వాత ఇంకోసారి పొరపాటున ప్రోగ్రాము రెండు ప్రతులు ఒకేసారి నడిచాయి. ఒకటి మూత వెయ్యమంటే ఒకటి తియ్యమంటుంది. నాన్న గొంతు గాలానికి చిక్కిన చేపలా కొట్టుకుంది. దానికో విరుగుడు రాశాను. కంప్యూటర్ తాను నడిపే ప్రతి పనికీ ఒక నంబరు ఇస్తుంది, బ్యాంకులో టోకెన్‌లాగా. గుటక లేవగానే తన నంబరు ఒక చీటీలో రాసిపెడుతుంది. లేపే స్క్రిప్టు ముందు ఆ చీటీ చూస్తుంది. ఆ నంబరుతో ఎవరైనా నడుస్తుంటే, గుటక నడుస్తున్నట్టే, రెండోది అక్కర్లేదని వెళ్ళిపోతుంది. గోడమీది ఆకుపచ్చ అక్షరాలూ ఆ చీటీ చూసే వెలుగుతాయి. పద్ధతిగా ఆపినప్పుడు ఆపే స్క్రిప్టు ఆ చీటీ చింపేస్తుంది.

ఇంకో భయం కూడా పట్టుకుంది. ఎవడో ఎక్కడో కూర్చుని ఇంటర్నెట్‌లోంచి మా నాన్న గొంతులో చెయ్యిపెడితే? బయటినుంచి పెట్టెలోకి వచ్చే దారులన్నీ మూసేశాను, నాకు కూడా తెరుచుకోకుండా. ఇలా భయపడ్డ ప్రతిసారీ ఒక కంచె వేసుకుంటూ పోయాను. మిగతా పదకొండు కుటుంబాలవాళ్ళు ఫోన్లు చేసి ప్రాధేయపడితే, అదే డిస్కుని అచ్చుగుద్దినట్టు పదకొండు పెట్టెల్లోకి ఎక్కించి, ఇన్వర్టర్‌కే తగిలించమని చెప్పి, గోడకి కట్టుకునే పాత ఫోన్లతో సహా పంపాను. వాళ్ళ కోసం ఫోన్లో ఒక గ్రూపు పెట్టాను. అమ్మ అందులో చేరి రోజూ పొద్దున్నే అందరికీ శుభోదయం చెప్పేది.

మహర్నవమినాడు నేను కాలేజీకి వెళ్ళాల్సి వచ్చింది. పండగ సెలవుల్లో అక్కడి సర్వర్లు సర్దే పని ఉంది. పన్నెండింటికి ఇంటికొచ్చేసరికి కింద షెడ్డు ముందు గుమ్మడికాయ పగిలి ఉంది. లేత్‌కి, డ్రిల్లింగ్ మిషన్‌కి, ఆఖరికి స్పానర్లకి కూడా పసుపు, కుంకుమ, బంతిపూలు. ఆయుధపూజ మా ఇంట్లో ఉగాదికన్నా పెద్ద పండగ. పైకొస్తే సర్వర్ పెట్టెకీ బొట్టు ఉంది. చిన్న దండ కూడా వేసి ఉంది. ముచ్చటేసింది. ఎవరికీ రాని ఆలోచన మా అమ్మకే వస్తుంది అనుకున్నాను.

నాన్న పొద్దున్నించీ తువ్వాలుతో నోరు తుడుచుకుంటూనే ఉన్నాడట. చక్రపొంగలి వాసనకి నోరూరుతోందని అమ్మ ఏడిపించింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. నోరు ఊరడం కాదది. ఊరింది మింగలేకపోవడం.

విస్తళ్ళు వేశారు. గోడవైపు చూశాను. ఆకుపచ్చ అక్షరాలున్నాయి. తల ఊపాను. నాన్న పొంగలి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ముందు ఏమీ జరగలేదు. అమ్మ నెయ్యి వడ్డిస్తూ, షెడ్డువాళ్ళలో ఎవరికి ఏ బట్టలు పెట్టిందో చెబుతోంది. నాన్న కదలడం లేదు. తినడం ఆపి ఆలోచిస్తున్నాడేమో అనుకున్నాను. దగ్గు లేదు, మూలుగు లేదు. చెయ్యి విస్తరిలోనే ఉంది. కళ్ళు మాత్రం పెద్దవవుతున్నాయి. పెదాల చుట్టూ నేరేడుపండు రంగు వచ్చాక గాని నాకు బుర్ర పనిచెయ్యలేదు.

ఆ క్షణంలో నేను చేసిన మొదటి పని ఏమిటో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మళ్ళీ గోడవైపు చూశాను. నడుస్తోందని రాసి ఉంది. మనిషి ఎదురుగా పోతుంటే, నడుస్తోంది కదా అనుకున్నాను.

అమ్మ ఆయన్ని ముందుకి వంచి వీపుమీద గుద్దుతోంది. నేను కీబోర్డు లాక్కుని ఎలా ఉన్నావని అడిగాను. నడుస్తోందంది. ఏదో ఇరుక్కుపోయిందనుకుని, ఆపి మళ్ళీ లేపమన్నాను. 'గుటక పూర్తయ్యేదాకా ఆగుతున్నాను' అని తెరమీద పడింది. ఆ మాట నేను రాసిందే. దాని పక్కన సెకనుకొక చుక్క. ఒకటి. రెండు. మూడు. అమ్మ గుద్దుతూనే ఉంది. ఏడు. ఎనిమిది. నాన్న తల వేలాడిపోతోంది. జవాబు రావడం లేదు. జవాబు చెప్పాల్సిన ప్రోగ్రాము అక్కడ ఉంటే కదా.

“అమ్మా, దీన్ని ఆపావా?” అని అరిచాను.

“నడిచే మిషనుకి బొట్టు పెట్టకూడదు కదే. ఇన్వర్టరు కట్టేసి, ప్లగ్గు పీకి, తుడిచి పెట్టా. పూజవ్వగానే మళ్ళీ తగిలించా. పచ్చగా వెలిగిందిగా.”

తప్పేముంది? లేత్‌కి ముప్పై ఎనిమిదేళ్ళుగా అలాగే చేస్తున్నారు. మెయిన్ తీసి, ఆగిన మిషనుకే బొట్టు. పధ్నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ఇన్వర్టర్ పుణ్యమా అని పెట్టెకి కరెంటు పోలేదు. పోతే ఏమవుతుందో నేను ఆలోచించలేదు. ప్లగ్గు పీకితే చీటీ చింపేవాడు ఎవడూ లేడు. పాత చీటీ అలాగే ఉండిపోయింది. కరెంటు రాగానే ఆ నంబరు టోకెన్, కంప్యూటర్ గడియారం సరిచేసే ఇంకో పనికి దొరికింది. లేపే స్క్రిప్టు వచ్చి, చీటీ చూసి, ఆ నంబరుతో ఎవరో ఉన్నారు, సరే అని వెళ్ళిపోయింది. మూడు గంటలుగా ఈ ఇంట్లో గుటక లేదు. నాన్న గొంతుకి కాపలా లేదు. తెరమీద అక్షరాలు మాత్రం ఉన్నాయి.

కంచే చేను మేయడమంటే వినడమే గాని చూడలేదు. ఆ రోజు చూశాను.

పదిహేనో చుక్క దగ్గర దాన్ని తెంపేశాను. రెండుసార్లు తప్పు కొట్టాను. చీటీని చేత్తో చెరిపి, మళ్ళీ లేపాను. ఇక నలభై సెకన్లు. దాన్ని తగ్గించే మంత్రం లేదు. వెళ్ళి నాన్న చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. పొంగలి అంటుకున్న వేళ్ళు నా వేళ్ళని పట్టుకున్నాయి, తర్వాత పట్టు వదిలేశాయి. అమ్మ గుద్దడం ఆపి, కనకదుర్గమ్మని కాదు, నన్ను పిలుస్తోంది. ఝాన్సీ, ఝాన్సీ అని. నేను పక్కనే ఉన్నాను. ఏం చెయ్యను? నా చేతిలో ఏమీ లేదు. జీవితంలో నేను పడ్డ భయాలన్నీ కలిపినా ఆ నలభై సెకన్లకి సరిపోవు.

అప్పుడు దగ్గొచ్చింది.

ఒళ్ళంతా విరుచుకుని ఒక్క దగ్గు, వెంటనే ఇంకొకటి. జీడిపప్పుతో సహా ముద్ద వచ్చి నా భుజంమీద పడింది. కొలిమి తిత్తిలా గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు విన్నాను. రంగు తిరిగొచ్చింది. అమ్మ చతికిలబడిపోయి ఏడ్చింది. చావు తప్పి కన్ను లొట్టపోయింది అనుకుని, ఆసుపత్రికి ఆటో తెమ్మని కిటికీలోంచి కింద షెడ్డువాళ్ళకి కేకేశాను.

బల్లమీద అమ్మ ఫోను టింగుమంటోంది. చాలాసేపటినుంచి అంటోందట, మేము వినలేదు. గోడకి ఆనుకున్న నాన్న చెయ్యెత్తి దానివైపు చూపించాడు.

“మిగతావాళ్ళు” అన్నాడు.

ఫోను తీశాను. గ్రూపులో పొద్దున తొమ్మిదింటికే అమ్మ మాట రికార్డు చేసి పెట్టింది. మనవాళ్ళకి కూడు పెట్టే పెట్టెకి మేము పూజ చేసుకుంటున్నాం, మీరూ చేసుకోండి, ముందు కరెంటు తియ్యండి, తడిగుడ్డ పెట్టకండి, పొడిగుడ్డతో తుడవండి అని. ఎంత జాగ్రత్తగా చెప్పిందో. దానికింద వరసగా ఫొటోలు. పెట్టె, బొట్టు. పెట్టె, బంతిపూల దండ. పెట్టె పక్కన కొబ్బరిచిప్పలు. ఏడిళ్ళు, ఏడు ఫొటోలు. ప్రతి ఫొటోలోనూ వెనకగోడమీద ఆకుపచ్చ అక్షరాలు. అన్నిటికీ నేను పంపింది ఒకే డిస్కు. లేచేటప్పుడు పనులు అదే వరసలో లేస్తాయి, టోకెన్లు అదే వరసలో పంచుకుంటాయి. అందరి గొంతులకీ ఒకే తాళం వేశాను. టైము పన్నెండు నలభై. పండగభోజనాల వేళ.

ఎవరూ ఏమీ తినొద్దు, నీళ్ళు కూడా ముట్టొద్దు అని గ్రూపులో మాట పెట్టాను. పెట్టెల్లోకి వెళ్ళే దారి నాకు లేదు, నేనే మూసుకున్నాను. ఇక ఫోన్లే గతి. తెనాలిలో ఎత్తారు, ఇంకా వడ్డించలేదన్నారు. నూజివీడులో ఒకావిడ చెంచా నోటిదాకా తీసుకెళ్ళి ఆపింది. ఏలూరువాళ్ళు రెండు ముద్దలు పెట్టేశారు, మనిషికి చెమటలు పడుతున్నాయట. చీటీ ఎలా చెరపాలో అక్షరం అక్షరం చెప్పి, నలభై అంకెలు ఫోన్లోనే కలిసి లెక్కపెట్టాం. నలభై ఒకటికి అవతలినుంచి దగ్గు వినిపించింది. భీమవరం, కాకినాడ, రేపల్లె. ఆరుగురు దొరికారు. ఆటో వచ్చి కింద హారన్ కొడుతోంది. షెడ్డువాళ్ళు నాన్నని మోసుకుని మెట్లు దిగుతున్నారు, వెనకే అమ్మ.

ఏడో ఇల్లు సాలూరు. అప్పలస్వామి గారని సొంత లారీ నడిపి, ఇప్పుడు మానేసిన పెద్దాయన. ఆయన భార్య పైడమ్మ గారు మూడోసారికి ఫోనెత్తింది.

“ఏటి తల్లీ, పండగపూట ఫోను సేసినావు. లారీకి పూజ సేసేసి, నీ పెట్టికీ బొట్టెట్టినాను. పచ్చగా ఎలుగుతోంది” అంది సంతోషంగా.

ఆయన తిన్నారా అని అడిగాను.

“తిన్నారమ్మా. గిన్నెడు పరవాన్నం తాగీసినారు. ఒక్కపాలి కూడా పొలమారనేదు, దగ్గనేదు. ఇంత సుకంగా ఎన్నడూ తిననేదు. కూసింత ఆయాసంగుందని తొంగున్నారు. నీ సెయ్యి సల్లగుండాల తల్లీ.”

లేపండి, ఇప్పుడే వెళ్ళి లేపండి అన్నాను. నిద్ర చెడుతుందేమో అంది. బతిమాలాను. ఫోను చేత్తో పట్టుకునే లోపలిగదిలోకి వెళ్ళింది. చీటీ ఎలా చెరపాలో మాటలన్నీ నాలికమీద సిద్ధంగా పెట్టుకుని నిలబడ్డాను. తలుపు చప్పుడు, ఫ్యాను చప్పుడు వినిపించాయి.

పైడమ్మ గారితో ఏడాదిగా మాట్లాడుతున్నాను. ఆవిడ నోట మొగుడి పేరు నేనెప్పుడూ వినలేదు. వారు అనడానికి 'ఆరు' అంటుంది, లేదా 'మా ఇంటాయన' అంటుంది. కంపెనీ కాగితాలమీద పేరు చెప్పమంటే కూడా సిగ్గుపడి పక్కింటివాళ్ళ చేత చెప్పించింది.

ఏటండీ, లెగండి అని పిలిచింది. కాసేపు ఆగి, కొంచెం గట్టిగా మళ్ళీ అదే మాట. మంచం కిర్రుమంది.

మూడోసారి ఆవిడ పేరు పెట్టి పిలిచింది.